లివర్ మచ్చను కరిగించే ప్రోటీన్ వచ్చేసిందా?

ప్రశ్న: మా అన్నయ్యకు 48 ఏళ్లు. చాలాకాలంగా మద్యం అలవాటు ఉంది, షుగరు కూడా ఉంది. సంక్రాంతి వెళ్లాక కడుపులో నీరు చేరితే ఆసుపత్రిలో చేర్చాం. లివర్ మచ్చకట్టి గట్టిపడిందనీ, దాన్ని సిర్రోసిస్ అంటారనీ చెప్పారు. లివర్ గట్టితనం చూసే ఫైబ్రోస్కాన్‌లో 34 వచ్చింది. అప్పటినుంచి తాగడం పూర్తిగా మానేశాడు. లివర్‌ను తిరిగి పెంచే ప్రోటీన్‌ను జపాన్‌లో కనిపెట్టారనీ, ఎలుకల్లో మచ్చ పూర్తిగా పోయిందనీ ఒక వీడియోలో చూశాం. మాకు దగ్గరలోని నగరంలో ఒక క్లినిక్ వారు పన్నెండు 'గ్రోత్ ఫ్యాక్టర్' ఇంజెక్షన్లతో లివర్ కొత్తగా తయారవుతుందని చెప్పి మూడు లక్షల ఎనభై వేలు అడుగుతున్నారు. వదిన బంగారం తాకట్టు పెట్టడానికి సిద్ధపడింది. ఇది నిజంగా పనిచేస్తుందా? మందుల పరీక్షల్లో చేర్పించమంటారా? ప్రోటీన్ అంత మంచిదైతే పప్పు, గుడ్లు పెట్టొద్దని బంధువులు ఎందుకంటున్నారు? ఏదీ కుదరకపోతే నా లివర్‌లో కొంత అన్నయ్యకు ఇవ్వవచ్చా?
- ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: అమ్మా, బంగారం విషయం తొందరగా తేలాలి కనుక ముందు దానికే జవాబు చెబుతాను. ఆ డబ్బు కట్టకండి. మచ్చకట్టిన లివర్‌ను తిరిగి మామూలు లివర్‌గా మార్చే ప్రోటీన్ ఇంజెక్షన్ ఏదీ ఈ రోజుకు మన దేశంలో మద్యం వల్ల వచ్చిన సిర్రోసిస్‌కు చికిత్సగా అనుమతి పొందలేదు. అయితే మీరు చూసిన వీడియో పూర్తిగా కల్పన కూడా కాదు. దాని వెనుక నిజమైన పరిశోధన ఉంది. ఆ పరిశోధన ఎక్కడ మొదలైంది, మనుషుల దగ్గరకు వచ్చేసరికి ఏమైంది అన్నది మీ కుటుంబానికి వివరంగా తెలిస్తే, రేపు ఇంకొకరు ఇంకో పేరుతో ఇలాంటి ఇంజెక్షన్ చూపించినప్పుడు మీరే నిర్ణయించుకోగలరు.

లివర్ తిరిగి పెరుగుతుందన్న సంగతి కొత్తది కాదు. 1931లో హిగిన్స్, ఆండర్సన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఎలుక లివర్‌లో సుమారు మూడింట రెండు వంతులు కోసి తీసేస్తే, మిగిలిన భాగం రెండు వారాల లోపే దాదాపు మునుపటి పరిమాణానికి పెరుగుతుందని చూపించారు. పెరగమని కణాలకు ఎవరు చెబుతున్నారు, సరిపోయిందని ఆపేది ఎవరు అన్న ప్రశ్న తర్వాత యాభై ఏళ్లపాటు శాస్త్రవేత్తలను వెంటాడింది. జపాన్‌కు చెందిన తొషికజు నకమురా బృందం 1984లో, లివర్ కోసిన ఎలుకల రక్తంలో లివర్ కణాలను విభజన చెందేలా చేసే ఒక ప్రోటీన్ ఉందని గుర్తించింది. 1989 నాటికి దాని జన్యువు కూడా దొరికింది. దానికి హెపటోసైట్ గ్రోత్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టారు, క్లుప్తంగా హెచ్‌జీఎఫ్ అంటారు. మీ వీడియోలోని 'జపాన్ ప్రోటీన్' బహుశా ఇదే.

ఎలుకల్లో మచ్చ పోయిందన్న మాటకు ఆధారం 1999లో వచ్చిన ప్రయోగం. డైమిథైల్‌నైట్రోసమీన్ అనే విషం పదేపదే ఎక్కించి ఎలుకలకు ప్రాణాంతకమైన సిర్రోసిస్ తెప్పించారు. కొన్నింటికి మనిషి హెచ్‌జీఎఫ్ జన్యువును కండరాల్లోకి మళ్లీ మళ్లీ ఎక్కించి, ఆ ప్రోటీన్ వాటి ఒంట్లోనే తయారయ్యేలా చేశారు. ఆ ఎలుకల్లో మచ్చకు దారితీసే టీజీఎఫ్-బీటా అనే మరో ప్రోటీన్ పెరగడం తగ్గింది, లివర్ కణాలు చచ్చిపోవడం తగ్గింది, మచ్చ పూర్తిగా మాయమైంది, ఎక్కువ ఎలుకలు బతికాయి. ఫలితం చూసి ప్రపంచమంతా ఆశపడింది, అందులో తప్పేమీ లేదు. కానీ ఇరవై ఐదేళ్లు దాటినా హెచ్‌జీఎఫ్ సిర్రోసిస్ మందుగా ఎక్కడా మార్కెట్లోకి రాలేదు. దానికి కారణాలు ఉన్నాయి.

మొదటి కారణం ఎలుకే. విషంతో కొన్ని వారాల్లో కట్టించిన మచ్చ లేతగా ఉంటుంది. చాలా సందర్భాల్లో విషం ఆపితే చాలు, ఏ మందూ లేకుండానే చాలావరకు కరిగిపోతుంది. మీ అన్నయ్య లివర్‌లో మచ్చ ఏళ్ల తరబడి పొర మీద పొరగా పేరుకున్నది. దానిలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు ఒకదానితో ఒకటి గట్టిగా పెనవేసుకుపోయి, వాటిని తుంచే ఎంజైములకు లొంగవు. ఇంతకాలంలో రక్తనాళాల దారులు కూడా మారిపోయి ఉంటాయి. కడుపులో నీరు చేరడానికి మూలం అదే: లివర్ గుండా సాఫీగా పోవలసిన రక్తం అడ్డుపడి, వెనుక, పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరగడం.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది, 'లివర్ పెంచుతాం' అనేవారు దీన్ని ఎప్పుడూ చెప్పరు. సిర్రోసిస్ వచ్చిన లివర్ పెరగడం మానేసిన లివర్ కాదు. సూక్ష్మదర్శినిలో చూస్తే అందులో గుండ్రటి గడ్డల్లాంటి ముద్దలు కనిపిస్తాయి, వాటి చుట్టూ మచ్చ పట్టీలు ఉంటాయి. వైద్యశాస్త్రంలో ఆ ముద్దల పేరే రీజనరేటివ్ నాడ్యూల్స్. అంటే లివర్ పెరగడానికి తన వంతు ప్రయత్నం చేస్తూనే ఉంది. కానీ కాలువలు పూడిపోయిన ఆయకట్టులో ఎక్కడ చెమ్మ ఉంటే అక్కడ మొలిచిన నారులా, ఆ పెరుగుదల రక్తప్రవాహంతోనూ పిత్తనాళాలతోనూ సరైన సంబంధం లేకుండా సాగుతోంది. మచ్చను తయారుచేసేది వేరే కణం. మామూలు రోజుల్లో విటమిన్ ఎ నిల్వ చేసుకుని నెమ్మదిగా ఉండే స్టెలేట్ కణాలు, మద్యం వల్లో వైరస్ వల్లో కొవ్వు వల్లో లివర్ దెబ్బతిన్నప్పుడు రూపం మార్చుకుని కొల్లాజెన్ పోయడం మొదలుపెడతాయి. కాబట్టి లివర్ కణాలను పెంచడం ఒక పని, స్టెలేట్ కణాలను శాంతింపజేసి మచ్చను తగ్గించడం ఇంకో పని. ఒకే ప్రోటీన్ రెండూ చేస్తుందని ఎవరైనా అంటే, ఆ రెండింటికీ విడివిడిగా రుజువు అడగాలి.

మూడోది ప్రమాదానికి సంబంధించినది. హెచ్‌జీఎఫ్‌ను రక్తంలోకి ఎక్కిస్తే కొద్ది నిమిషాల్లోనే చాలాభాగం మాయమవుతుంది, అందుకే పదేపదే ఇవ్వాలి లేదా జన్యువు ద్వారా ఒంట్లోనే తయారుచేయించాలి. అది అతుక్కునే మెట్ అనే గ్రాహకం లివర్‌లోనే కాకుండా శరీరంలో అనేకచోట్ల ఉంటుంది. మెట్ అతిగా పనిచేయడం అనేక క్యాన్సర్లలో కనిపిస్తుంది. హెచ్‌జీఎఫ్ ఎక్కువగా తయారయ్యేలా జన్యువులు మార్చిన చిట్టెలుకల్లో లివర్ గడ్డలు వచ్చిన ప్రయోగాలూ ఉన్నాయి. లివర్ క్యాన్సర్‌కు 2019లో అమెరికాలో అనుమతి పొందిన కాబోజాంటినిబ్ అనే మందు చేసే పనుల్లో ఒకటి ఈ మెట్‌ను అడ్డుకోవడం. సిర్రోసిస్ ఉన్నవారికి ముందే క్యాన్సర్ ముప్పు ఎక్కువ. అటువంటి లివర్‌లో కణాలను పెరగమని నెలల తరబడి ప్రోత్సహించే ముందు పరిశోధకులు పదిసార్లు ఆలోచించడంలో ఆశ్చర్యం లేదు. జపాన్‌లో హఠాత్తుగా లివర్ చెడిపోయిన కొద్దిమంది రోగులకు హెచ్‌జీఎఫ్ ప్రోటీన్ ఇచ్చి చూశారు. అది ప్రధానంగా భద్రత, మోతాదు తెలుసుకోవడానికి జరిగిన చిన్న పరీక్ష. దీర్ఘకాలపు సిర్రోసిస్ సంగతి వేరు.

ఇప్పుడు మీ క్లినిక్ వారి ఇంజెక్షన్ దగ్గరకు వద్దాం. పన్నెండు డోసులు, గ్రోత్ ఫ్యాక్టర్ అన్న రెండు మాటలు చదవగానే నాకు తట్టింది జీ-సీఎస్‌ఎఫ్. అది హెచ్‌జీఎఫ్ కాదు. ఎముక మజ్జను ప్రేరేపించి తెల్లరక్తకణాలను పెంచే ప్రోటీన్ ఇది. ఫిల్‌గ్రాస్టిమ్ అన్న పేరుతో, కీమోథెరపీ తర్వాత తెల్లకణాలు పడిపోయిన క్యాన్సర్ రోగులకు ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2001లోనే దీన్ని మన మార్కెట్లోకి తెచ్చింది. మీ క్లినిక్ ఇస్తున్నది ఇదేనని నేను చెప్పడం లేదు, ఏమిస్తున్నారో వారినే రాతపూర్వకంగా అడగండి. ప్రోటీన్ శాస్త్రీయ నామం, తయారీదారు, మోతాదు, ఏ జబ్బుకు అనుమతి ఉంది అన్న నాలుగు వివరాలు కాగితం మీద ఇవ్వడానికి తటపటాయిస్తే మీకు జవాబు దొరికినట్టే. ఇచ్చేది జీ-సీఎస్‌ఎఫే అయితే, పన్నెండు డోసులకు మందుల షాపులో అయ్యే ఖర్చు వారు అడుగుతున్న దానికి దరిదాపుల్లో కూడా ఉండదు.

లివర్ రోగులకు జీ-సీఎస్‌ఎఫ్ ఇవ్వాలన్న ఆలోచనకు బలం వచ్చింది మన దేశంలోనే, అందుకే దీన్ని కొంచెం వివరంగా చెబుతాను. మజ్జ నుంచి మూలకణాలు (స్టెమ్ సెల్స్) రక్తంలోకి వచ్చి లివర్‌కు చేరి మరమ్మతుకు తోడ్పడతాయన్నది, తెల్లకణాలు బలపడి ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయన్నది అప్పటి ఊహ. ఢిల్లీలో శివ్‌కుమార్ సరీన్ బృందం, దీర్ఘకాలిక లివర్ జబ్బు ఉండి హఠాత్తుగా విషమించిన 47 మందిని రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు జీ-సీఎస్‌ఎఫ్ పన్నెండు డోసులు, ఇంకో గుంపుకు ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. 2012లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మందు తీసుకున్న 23 మందిలో 16 మంది, ప్లాసిబో తీసుకున్న 24 మందిలో ఏడుగురు బతికారు. 2014లో చండీగఢ్ పీజీఐ వైద్యులు మద్యం వల్ల తీవ్రమైన హెపటైటిస్, అంటే లివర్ వాపు వచ్చిన 46 మందిపై చేసిన పరీక్షలో 90 రోజులకు బతికి ఉన్నవారు మందు గుంపులో నూటికి 78, మామూలు చికిత్స గుంపులో నూటికి 30. ఇంత తేడా కనిపిస్తే ఏ వైద్యుడికైనా రేపే వాడాలనిపిస్తుంది.

అయితే నాలుగు డజన్ల లోపు మందితో ఒకే ఆసుపత్రిలో జరిగిన పరీక్షలో కొద్దిమంది అటూ ఇటూ అయితే శాతాలు ఎగిరిపోతాయి. అందుకే ఎక్కువమందితో, ఎక్కువ ఆసుపత్రుల్లో మళ్లీ పరీక్షించాలి. బ్రిటన్‌లో 81 మంది సిర్రోసిస్ రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. కొందరికి మామూలు చికిత్స, కొందరికి జీ-సీఎస్‌ఎఫ్, మరికొందరికి దానితోపాటు వారి సొంత మూలకణాలు కూడా ఇచ్చారు. లివర్ పనితీరులోనూ మెరుగుదల లేదు, మచ్చలోనూ లేదు. మీ ప్రశ్నకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న పరీక్ష ఇదే, ఎందుకంటే ఇందులో మచ్చను కూడా కొలిచారు. తర్వాత జర్మనీలో అనేక ఆసుపత్రులు కలిసి, హఠాత్తుగా విషమించిన 176 మందిపై జీ-సీఎస్‌ఎఫ్‌ను పరీక్షించాయి. 2021లో ప్రచురించిన లెక్క ఇది: లివర్ మార్పిడి అవసరం లేకుండా 90 రోజులు బతికినవారు మందు గుంపులో 34.1 శాతం, మామూలు చికిత్స గుంపులో 37.5 శాతం. ప్రయోజనం కనిపించే అవకాశం లేదని మధ్యలోనే పరీక్షను నిలిపివేశారు. జర్మనీలో చేర్చుకున్నవారి జబ్బు స్థితి మనవారి కంటే వేరనీ, ఎంచుకున్న కొందరికి ఇది ఉపయోగపడవచ్చనీ మన దేశంలో వాదించే నిపుణులు ఉన్నారు. ఆ వాదనను నేను కొట్టిపారేయను. కానీ అది ఇంకా చర్చలో ఉన్న విషయం, పైగా ఆ చర్చ విషమ స్థితిలో ప్రాణం నిలబెట్టడం గురించే. మచ్చ కరిగి లివర్ కొత్తగా తయారవుతుందని చెప్పి డబ్బు తీసుకోవడానికి అందులో ఏ ఆధారమూ లేదు.

మచ్చ తగ్గించడంలో ఇప్పుడు అందరి దృష్టీ ఉన్నది వేరే ప్రోటీన్ మీద. ఎఫ్‌జీఎఫ్21 అనేది లివర్ స్వయంగా తయారుచేసే హార్మోను. దాన్ని రక్తంలో ఎక్కువకాలం నిలిచేలా మార్చి, వారానికి ఒక ఇంజెక్షన్‌గా తయారుచేసిన మందు పేరు ఎఫ్రుక్సిఫెర్మిన్. కొవ్వు, షుగరు సంబంధమైన లివర్ జబ్బు ముదిరి సిర్రోసిస్ అయిన, కానీ ఇంకా నీరు చేరడం వంటివి మొదలుకాని 181 మందిపై దీన్ని పరీక్షించారు. 36 వారాలకు చూస్తే మచ్చ ఒక దశ తగ్గినవారు పెద్ద మోతాదు గుంపులో 63 మందికి 12 మంది, ప్లాసిబో గుంపులో 61 మందికి 8 మంది. ఆ తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు కనుక ప్రధాన లక్ష్యంలో పరీక్ష విఫలమైంది. 96 వారాల దాకా కొనసాగించి చూసినప్పుడు అవే గుంపుల్లో సంఖ్యలు 18, 7 అయ్యాయి. ఈ రెండో లెక్క ఆశ కలిగిస్తోంది, పెద్ద పరీక్షలు నడుస్తున్నాయి.

ఈ సంఖ్యల్లో ప్లాసిబో గుంపును ఒకసారి చూడండి. ఏ మందూ ఇవ్వని 61 మందిలో కూడా ఏడెనిమిది మందికి మచ్చ తగ్గినట్టు కనిపించింది. బయాప్సీ సూది తీసే ముక్క మొత్తం లివర్‌లో సుమారు యాభై వేలవ వంతు. ఒకచోట గుచ్చితే మచ్చ ఎక్కువగా, ఇంకోచోట గుచ్చితే తక్కువగా కనిపించవచ్చు. కొందరు బరువు తగ్గుతారు, కొందరు తాగడం మానేస్తారు. పోల్చి చూసే గుంపు లేకపోతే ఈ మెరుగుదలంతా ఇంజెక్షన్ ఖాతాలో పడిపోతుంది. ఇలాంటి క్లినిక్‌లు చూపించే 'ముందు, తర్వాత' స్కాన్ కాగితాల కిటుకు కూడా ఇదే. ఫైబ్రోస్కాన్ నేరుగా మచ్చను చూడదు, లివర్ గట్టితనాన్ని కిలోపాస్కల్‌లలో కొలుస్తుంది. మద్యం వల్ల లివర్ వాచి ఉన్నప్పుడు మచ్చతో సంబంధం లేకుండానే ఆ సంఖ్య పెరుగుతుంది, కొన్ని వారాలు మద్యం మానగానే గణనీయంగా పడిపోతుంది. కడుపులో నీరు ఉన్నప్పుడైతే ఆ కొలతను అసలు నమ్మలేం. కనుక మీకు వచ్చిన 34 ఎప్పుడు తీసినదో చూడండి. మీ అన్నయ్య తాగడం మానేశాడు కాబట్టి, ఇంజెక్షన్లు వేయించినా వేయించకపోయినా వచ్చే స్కాన్‌లో ఆ సంఖ్య తగ్గే అవకాశం ఉంది. వేయిస్తే పేరు ఇంజెక్షన్‌కు వెళ్తుంది.

మందుల పరీక్షలో చేర్పించాలా అని అడిగారు. సక్రమంగా నడిచే క్లినికల్ ట్రయల్‌ను నేను ఎప్పుడూ నిరుత్సాహపరచను, ఇంతవరకూ చెప్పిన సంఖ్యలన్నీ అలా చేరిన రోగుల పుణ్యమే. కానీ ట్రయల్ అంటే ఏమిటో తెలుసుకుని వెళ్లాలి. మన దేశంలో 2009 జూన్ నుంచి ప్రతి ట్రయల్ కూడా సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు కావాలి. ఆ నమోదు సంఖ్య అడిగితే ఇంటర్నెట్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు: ఎవరిని చేర్చుకుంటారు, ఏది కొలుస్తారు, ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంది అన్నీ అందులో ఉంటాయి. 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం, నష్టపరిహారం నిర్వాహకుల బాధ్యత. అంగీకార పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, ఎప్పుడైనా వైదొలగవచ్చు. పరీక్షలో ఉన్న మందుకు రోగి దగ్గర లక్షలు వసూలు చేస్తున్నారంటే అది పరిశోధన ముసుగు వేసుకున్న వ్యాపారం. మూలకణాల పేరు చెబితే మరింత జాగ్రత్త పడండి. 2017 జాతీయ మార్గదర్శకాలు కొన్ని రక్త సంబంధమైన జబ్బులకు తప్ప మూలకణాలను ట్రయల్ బయట చికిత్సగా ఇవ్వడాన్ని అంగీకరించలేదు. ఇంకో మాట. నీరు చేరే దశకు వచ్చినవారిని మచ్చ తగ్గించే మందుల పరీక్షల్లో చాలావరకు చేర్చుకోరు. ఇప్పుడు ట్రయల్ దొరకకపోతే తలుపులు మూసుకుపోయాయని అనుకోవద్దు, పరిస్థితి కుదుటపడితే అర్హత మారవచ్చు.

మచ్చ నిజంగా తగ్గుతుందా అంటే తగ్గుతుంది. దానికి ఉన్న గట్టి సాక్ష్యం కారణాన్ని తొలగించిన రోగుల నుంచి వచ్చింది. హెపటైటిస్ బి రోగులకు ఐదేళ్లపాటు టెనోఫోవిర్ మాత్ర ఇచ్చి, ముందూ తర్వాతా బయాప్సీ చేసిన 348 మంది వివరాలు 2013లో ప్రచురితమయ్యాయి. వారిలో మొదట సిర్రోసిస్ ఉన్నవారు 96 మంది. ఐదేళ్ల తర్వాత వారిలో 71 మంది బయాప్సీల్లో సిర్రోసిస్ లేదు. లివర్‌ను పెంచే ప్రోటీన్ ఏదీ వారికి ఇవ్వలేదు. రోజూ జరిగే నష్టం ఆగితే, మచ్చను తుంచే ఎంజైములు, తిరిగి పెరిగే కణాలు తమ పని తాము చేసుకుపోయాయి. మీ అన్నయ్య విషయంలో ఆ నష్టం మద్యం. నీరు చేరిన దశలో కూడా మద్యం పూర్తిగా మానినవారిలో కొందరు నీరు తగ్గించే మాత్రల అవసరం లేని స్థితికి రావడం మేం చూస్తుంటాం. అందరికీ జరగదు, జరిగేవారికి కూడా నెలలు పడుతుంది. 'కొంచెమైతే పరవాలేదు' అనే బంధువును మాత్రం గుమ్మం బయటే ఆపండి. హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించకపోతే వెంటనే చేయించండి, మద్యం ఒక్కటే కారణమని సరిపెట్టుకోవడం తరచుగా జరిగే పొరపాటు. షుగరును, బరువును అదుపులో ఉంచడం కూడా కారణాన్ని తొలగించడంలో భాగమే.

పప్పు, గుడ్ల విషయంలో బంధువుల మాట పాత మాట. స్పృహ తప్పే ప్రమాదం ఉందని ఒకప్పుడు ప్రోటీన్ తగ్గించమనేవారు, ఇప్పుడు ఆ సలహా లేదు. సిర్రోసిస్‌లో కండ కరిగిపోవడమే పెద్ద శత్రువు. ఒంట్లో నీటి బరువు తీసేసి చూస్తే, కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ రోజుకు అవసరం: 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. రెండు గుడ్లలో 12 గ్రాములు మాత్రమే ఉంటాయి కనుక పప్పు, పెరుగు, పాలు, తాజా చేప అన్నీ కలిపితేనే ఆ లెక్క తేలుతుంది. రాత్రి పడుకునే ముందు ఏదైనా తినిపించండి, రాత్రంతా కడుపు ఖాళీగా ఉంటే లివర్ కండను కరిగించి వాడుకుంటుంది. తగ్గించాల్సింది ఉప్పు. మీ జిల్లాలో అన్నం పక్కన తప్పక కనిపించే ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు నీరు చేరడాన్ని ఎక్కువ చేస్తాయి. పసరు మందులు వద్దు. తిప్పతీగ కూడా వద్దు: కోవిడ్ రోజుల్లో దాన్ని వాడి లివర్ దెబ్బతిన్న 43 మంది వివరాలను దేశంలోని 13 కేంద్రాలు కలిసి 2022లో ప్రచురించాయి.

అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాల కోసం ఎండోస్కోపీ, ఆరు నెలలకోసారి క్యాన్సర్ కోసం అల్ట్రాసౌండ్, టీకాలు ఇవన్నీ మీ వైద్యులు చెప్పే ఉంటారు, చెప్పకపోతే అడగండి. క్లినిక్‌కు కట్టబోయే డబ్బులో చిన్న భాగంతో ఇవి ఏళ్ల తరబడి సాగుతాయి.

చివరగా, మీ లివర్‌లో కొంత ఇవ్వడం గురించి. అక్కచెల్లెళ్లు చట్టప్రకారం దగ్గరి బంధువులే, కనుక మీకు ఆ అర్హత ఉంది. లివర్ తిరిగి పెరగడం వైద్యానికి నిజంగా ఉపయోగపడుతున్న చోటు కూడా ఇదే: దాత నుంచి సాధారణంగా కుడి భాగం, అంటే సగం కంటే కొంచెం ఎక్కువ తీస్తారు, కొన్ని నెలల్లోనే మిగిలిన లివర్ పెరిగి దాదాపు పూర్వపు పరిమాణానికి వస్తుంది. అక్కడ హెచ్‌జీఎఫ్‌ను బయటి నుంచి ఎవరూ ఎక్కించరు, ఆరోగ్యకరమైన మీ ఒళ్లే దాన్ని తగిన సమయంలో తగిన మోతాదులో తయారుచేసుకుంటుంది. అలాగని అది చిన్న ఆపరేషన్ కాదు. దాతకు ప్రాణాపాయం వెయ్యికి కొద్దిమందిలో ఉంటుంది, రక్తం గ్రూపు కలవాలి, మీకు ఫ్యాటీ లివర్ ఎక్కువగా ఉంటే ఒప్పుకోరు. మీ అన్నయ్యకు మార్పిడి ఇప్పుడే అవసరమో కాదో, రక్తపరీక్షలతో జబ్బు తీవ్రతను లెక్కగట్టే మెల్డ్ స్కోరు, నీరు తగ్గే తీరు చూసి తేలుస్తారు. మద్యం మానేసిన కొన్ని నెలల్లో లివర్ ఎంత కోలుకుంటుందో కూడా గమనిస్తారు. మార్పిడి చేసే కేంద్రానికి ఒకసారి తీసుకెళ్లి అంచనా వేయించండి. మరణించిన దాతల నుంచి అవయవం కోసం ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించాలా అన్నది కూడా అప్పుడే అడగండి. వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, ఫైబ్రోస్కాన్ కాగితంతోపాటు ఆఖరిసారి మద్యం ముట్టుకున్న తేదీ రాసి పట్టుకెళ్లండి, వారు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.